గోడ కట్టే ముందు పట్టా ఎవరి పేరున ఉందో చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పత్రికలో ఈ మధ్య రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల వెంచర్ల ప్రకటనలు బాగా పెరిగాయి. రంగుల గేటు, చుట్టూ ప్రహరీ, మూలమూలకీ సీసీ కెమెరా, కింద 'మీ పెట్టుబడికి పూర్తి రక్షణ' అని పెద్ద అక్షరాలు. నేను మాత్రం వాటిలో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు కోసం వెతుకుతాను. చాలావాటిలో కనపడదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా అమ్మకానికి ముందే ప్రాజెక్టుని రిజిస్టర్ చేయించాలి. ప్లాట్ల లేఅవుట్లకీ ఇదే రూలు. ప్రకటనలో ఆ నంబరూ, రెరా వెబ్‌సైటు అడ్రసూ ప్రముఖంగా వేయాలని అదే చట్టం 11వ సెక్షన్‌లో ఉంది. ఒడిశా భూమికి ఒడిశా రెరా నంబరే ఉండాలి, కంపెనీ విశాఖదైనా హైదరాబాద్‌దైనా సరే. నంబరు లేని ప్రకటన తీసుకోవద్దని మీ ప్రకటనల విభాగానికి చెప్పండి సార్. డబ్బులొచ్చే పని అని తెలుసు, అయినా చెప్పండి.

నాది రాయగడలో జెరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. పట్టా ప్రింట్లు, మ్యుటేషన్ (భూరికార్డులో పేరు మార్పు) దరఖాస్తులు, ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రాలు), ఆధార్ పనులు అన్నీ నా టేబుల్ మీదుగానే పోతాయి. పార్వతీపురం, బొబ్బిలి, విశాఖ నుంచి కాయితాలు పట్టుకొచ్చే తెలుగువాళ్ళు రోజూ తగులుతారు. 2025 జనవరిలో ఇక్కడి రైల్వే డివిజన్‌కి శంకుస్థాపన అయ్యాక, అటు కొరాపుట్ జిల్లా మీదుగా రాయపూర్-విశాఖ ఆరు లైన్ల రోడ్డు పడుతుండగా, తాతలనాటి భూములు అందరికీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వచ్చినవాళ్ళు ముందు అడిగేది ఫెన్సింగ్‌కి ఎంతవుతుంది, కెమెరా ఏ కంపెనీది మంచిది అని. పట్టా ఎవరి పేరున ఉందండీ అని నేనడిగితే, రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అంటారు. నా గొడవంతా అక్కడే.

ఒక కుటుంబం సంగతి చెప్తాను, పేర్లు వద్దు. పెద్దాయన ఇక్కడ ఉద్యోగం చేసినప్పుడు ఊరి చివర కొంత జాగా కొన్నారు, దస్తావేజు పక్కాగా రిజిస్టర్ అయింది, చుట్టూ ముళ్ళకంచె వేయించి రిటైరయ్యాక విశాఖ వెళ్ళిపోయారు. మ్యుటేషన్ చేయించలేదు. అంటే తహసీల్ రికార్డులో, ఒడిశా భూరికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైట్‌లో పాత యజమాని పేరే అలా ఉండిపోయింది. ఆ యజమాని పోయాక కొడుకులు వారసత్వం కింద దరఖాస్తు పెట్టి పట్టా తమ పేర్లకి మార్పించుకున్నారు. వాళ్ళు చూపించింది నాన్న పేరున్న పట్టా, నాన్న మరణ ధ్రువపత్రం, రెండూ నిజమైనవే. తర్వాత దాన్ని ఇంకొకరికి అమ్మేశారు. కొన్న మనిషి కూడా పట్టా చూసే కొన్నాడు, కంచె పీకి పునాది తీశాడు. ఒకే ఆస్తిని రెండుసార్లు అమ్మితే ముందు కొన్నవాళ్ళ హక్కే నిలుస్తుందని ఆస్తి బదిలీ చట్టం 48వ సెక్షన్ చెప్తుంది, కాబట్టి న్యాయం పెద్దాయన వైపే ఉంది. కానీ అది తేలాల్సింది సివిల్ కోర్టులో. ఆయనకి ఎనభై దాటాయి, విశాఖ నుంచి రాయగడ కోర్టుకి వాయిదాలకి తిరుగుతున్నారు. మ్యుటేషన్‌కి పెట్టాల్సిన ఖర్చు ఆయన కంచెకి పెట్టిన దాంట్లో ఏ మూలకీ రాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అది కూడా చెప్పాలి. మ్యుటేషన్ అయితే హక్కు వచ్చేసినట్టు కాదు, అది శిస్తు ఎవరు కట్టాలో చెప్పే రికార్డు మాత్రమేనని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. మన దేశంలో రిజిస్ట్రేషన్ కూడా అంతే, కాయితాన్ని రిజిస్టర్ చేస్తారు గానీ అమ్మినవాడికి హక్కుందని ప్రభుత్వం హామీ ఇవ్వదు. అందుకే ఒక్క కాయితాన్ని నమ్ముకోకుండా దస్తావేజు, పట్టా, ఈసీ, ఏటా కట్టిన ఖజానా (శిస్తు) రసీదు, ఇవన్నీ ఒకే పేరు చెప్పేలా చూసుకోవాలి. ఏ ఒక్కటి వేరే పేరు చెప్పినా దొంగ దూరేది ఆ సందులోంచే.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్ళకి ఇంకో తంటా. పట్టా ఒడియాలో ఉంటుంది, మన వెంకటరావు అందులో బెంకట రావు అవుతాడు, ఇంటిపేరు వెనక్కి పోతుంది, ఆధార్‌లో ఇంగ్లీషు స్పెల్లింగ్ ఇంకోలా, దస్తావేజులో ముప్పై ఏళ్ళ నాటి పొట్టి పేరు. మనిషి బతికున్నప్పుడైతే అఫిడవిట్‌తో సర్దుకోవచ్చు. పోయాక పిల్లలు వచ్చి ఈ మూడు పేర్లూ మా నాన్నవే అని నిరూపించుకోవడం ఎంత టెన్షనో నా షాపులో కూర్చుంటే తెలుస్తుంది. బతికుండగానే సరి చేయించండి.

కొలతల్లో మోసం మరీ తేలిగ్గా జరుగుతోంది. మన సెంటు, ఇక్కడి డెసిమల్ ఒకటే, ఎకరంలో నూరో వంతు. గుంట మాత్రం ఒకటి కాదు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, అంటే గుంట 121 గజాలు. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలే, గుంట అంటే నాలుగు డెసిమళ్ళు, 193.6 గజాలు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఏజెంటు రేటేమో ఇక్కడి గుంటకి చెప్పి, కొలిచి ఇచ్చేటప్పుడు అక్కడి గుంట ఇస్తే, గుంటకి 72 గజాలకి పైగా ఎగిరిపోతుంది. కాబట్టి దస్తావేజులో డెసిమళ్ళే రాయించండి, గుంటల లెక్క నోటిమాటలకే వదిలేయండి. సాబిక్ ప్లాటు నంబరు, హాల్ ప్లాటు నంబరు, అంటే పాత సర్వేదీ కొత్త సర్వేదీ, రెండూ రాయించాలి. పాత దస్తావేజు పట్టుకుని ఆ నంబరుతోనే భూలేఖ్‌లో వెతికి, వేరే ఎవరి పేరో కనపడగానే లబోదిబోమంటూ నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. తీరా చూస్తే అది పాత నంబరు.

పట్టాలో కిసమ్ అనే గడి ఉంటుంది, భూమి రకం. ఘరబారి అని ఉంటే ఇల్లు కట్టుకునే జాగా. శారద అని ఉంటే వరి పొలం, దాన్ని ఇంటి స్థలంగా మార్చాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఎ సెక్షన్ కింద తహసీల్దారు దగ్గర కన్వర్షన్ చేయించాలి. గోచర, రఖిత్, అనాబాది అనే మాటలు కనపడితే అది సర్కారు భూమి, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. జంగల్ అని ఉంటే ఇంకా ప్రమాదం, 1980 అటవీ సంరక్షణ చట్టం అడ్డొస్తుంది. ఇలాంటి చోట కట్టిన గోడ మనకి రక్షణ కాదు, మన మీద ఆక్రమణ కేసుకి ఫొటో సాక్ష్యం అవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, ఇది రాస్తే కొంతమందికి కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. రాయగడ, కొరాపుట్, మల్కనగిరి, నవరంగపూర్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతమే. గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి, గుమ్మ, రాయగడ బ్లాకు కూడా (గజపతిలోనూ ఒక రాయగడ ఉంది, బయటివాళ్ళు రెండూ కలిపేస్తుంటారు). మన వైపు మన్యంలో గిరిజనుల భూమిని కాపాడే 1/70 చట్టం ఉన్నట్టే ఇక్కడ 1956 నాటి రెండో రెగ్యులేషన్ ఉంది. 2002లో దాన్ని సవరించాక గిరిజనుల భూమి గిరిజనేతరులకి బదిలీ కావడం పూర్తిగా ఆగిపోయింది. 2023 నవంబరులో రాష్ట్ర కేబినెట్ దీన్ని సడలించాలని చూసింది, గిరిజన సంఘాలూ ప్రతిపక్షాలూ గట్టిగా ఎదురు తిరగడంతో వెనక్కి తగ్గింది. ఒక తేడా ఉంది, 1/70 కింద గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడం కూడా కుదరదు, ఇక్కడ అది కుదురుతుంది. కాబట్టి రాయగడ టౌన్‌లో మనవాళ్ళు కొనుక్కోవడం తప్పేమీ కాదు. కాకపోతే అమ్మేవాడు గిరిజనేతరుడైతే చాలదు. 1956 తర్వాత ఆ భూమి ఎప్పుడైనా గిరిజనుల చేతిలోంచి జారిందా, జారితే ఏ అనుమతితో జారింది అని వెనక్కి వెనక్కి చూసుకోవాలి.

ఇది తెలిసి కూడా కొంతమంది మహానుభావులు గిరిజనుడి పేరునే భూమి ఉంచి, పక్కన స్టాంపు కాయితం మీద అగ్రిమెంటు, తనఖా, ఖాళీ చెక్కులు రాయించుకుని, చుట్టూ గోడ కట్టి కెమెరా పెడుతున్నారు. నా షాపుకొచ్చి, ఈ అగ్రిమెంటుని ఇంకొంచెం గట్టిగా చేసే మార్గం ఉందా గురూ అని అడుగుతారు. లేదు, ఉండకూడదు కూడా. సబ్ కలెక్టర్ దగ్గర కేసు పడితే ఖాళీ చేయించి భూమి గిరిజనుడికి తిరిగి అప్పగిస్తారు. బినామీ అని తేలితే ఆస్తి జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా జైలు, మార్కెట్ విలువలో నాలుగో వంతు వరకూ జరిమానా పడొచ్చు. ఆ గోడ లోపల ఉన్నది మనది కానప్పుడు దాన్ని కాపాడే ఉపాయాలు నన్నడగొద్దు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని కొఠియా ఊళ్ళ గురించి కూడా ఎవరో అడిగారు, రెండు రాష్ట్రాలూ మావంటే మావని 1968లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన చోట పెట్టుబడేమిటండీ, నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

సరే, కాయితాలన్నీ బాగున్నాయనుకుందాం. అప్పుడు గోడ. గోడకి ముందు హద్దులు తేల్చాలి. ప్రైవేటు అమీన్‌ని (సర్వేయర్ని) పెట్టి టేపు లాగించుకోవడం కాదు, తహసీల్‌లో డిమార్కేషన్‌కి దరఖాస్తు పెడితే పక్క ప్లాట్లవాళ్ళకి నోటీసిచ్చి, వాళ్ళ ఎదురుగా కొలిచి హద్దురాళ్ళు వేయిస్తారు. ఆ రిపోర్టు కాపీ తీసుకోండి. పక్కవాడు ఆ రోజు నోరు మెదపకపోతే రేపు కోర్టులో గొంతెత్తడం కష్టం. తర్వాత మున్సిపాలిటీ పరిధిలో అయితే అనుమతి తీసుకుని గోడ కట్టుకోండి. పంచాయితీ డ్రైనేజీలోకి ఒక అడుగు జరిగినా 1972 భూ ఆక్రమణ నిరోధక చట్టం కింద మనమే ముద్దాయిలం. డబ్బు తక్కువుంటే గోడకన్నా ఒక గది, కరెంటు మీటరు, బోరు మేలని నా అభిప్రాయం. మీ పేరున నెలనెలా వచ్చే బిల్లు మీ స్వాధీనానికి సాక్ష్యం, గోడ మీద ఎవరు కట్టించారో రాసి ఉండదు కదా.

కాపలా మనిషిని పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. నమ్మకస్తుడే కావచ్చు, ఊళ్ళో అందరికీ తెలిసినవాడే కావచ్చు, అయినా కాయితం మీద రాసుకోవాలి, జీతమిచ్చి ఉంచుతున్నామని, అద్దెకి కాదని, ఎప్పుడంటే అప్పుడు ఖాళీ చేయాలని. యజమాని తరఫున ఉన్న కాపలాదారుకి ఎన్నేళ్ళున్నా ఆస్తి మీద హక్కు పుట్టదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే, కానీ అతను కాపలాదారే అని ముందు మనం చూపించగలగాలి. కరెంటు మీటరు అతని పేరున, ఓటరు కార్డు ఆ అడ్రసుతో, జీతం చేతికి నగదు, ఇలా నడిపితే ఏం చూపిస్తాం? యజమానికి తెలిసేలా, ఎదురు లేకుండా, పన్నెండేళ్ళు భూమి పట్టుకుని కూర్చున్నవాడు లిమిటేషన్ చట్టం కింద అది నాదేనని అడగొచ్చు. 2019 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అలాంటివాడు ఎదురు దావా కోసం ఆగక్కర్లేదు, తానే ముందు దావా వేయొచ్చు. దూరంగా ఉన్నవాళ్ళకి ఈ పన్నెండేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. ఎవరైనా బలవంతంగా దూరితే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద వేసే దావా తేలికైనది, అందులో హక్కు ఎవరిదని చూడరు, స్వాధీనంలోంచి ఎవరిని అక్రమంగా తోసేశారనే చూస్తారు. ఆరు నెలలు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. సంక్రాంతికీ సంక్రాంతికీ వచ్చి చూసుకుంటాం అనేవాళ్ళకి ఇదెలా అందుతుందో నాకు తెలీదు.

కెమెరాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. సోలార్ ప్లేటు, సిమ్ కార్డు ఉన్నవి వస్తున్నాయి, మంచివే, కానీ ఖాళీ జాగాలో పెడితే ముందు పోయేది కెమెరానే, లేకపోతే రీచార్జ్ అయిపోయి ఆర్నెల్లుగా ఏమీ చూడకుండా వేలాడుతూ ఉంటుంది. దానికన్నా వచ్చినప్పుడల్లా తేదీ, లొకేషన్ పడేలా నాలుగు మూలల ఫొటోలు తీసి దాచుకోండి. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా కనిపిస్తాయి, ఏ ఏడాది ఎవరి షెడ్డు లేదో, ఏ ఏడాది లేచిందో తెలిసిపోతుంది. ఇవి కోర్టుకి ఇవ్వాలంటే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి, లాయరుకి చెప్తే చూసుకుంటారు.

ఫోనులో చేయాల్సిన అసలు పని వేరే ఉంది. దస్తావేజు మీద మన వేలిముద్రలుంటాయి, చాలాసార్లు ఆధార్ నంబరు కూడా. రిజిస్టర్ అయిన దస్తావేజుల కాపీల్లోంచి వేలిముద్రలు తీసి రబ్బరు ముద్రలు చేసి, ఆధార్ ద్వారా నడిచే బ్యాంకు పాయింట్లలో డబ్బు లాగేసిన కేసులు వేరే రాష్ట్రాల్లో బయటపడ్డాయి. దీనికి మందు పైసా ఖర్చులేనిది, ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవడమే. రిజిస్ట్రేషన్ రోజున కావాలంటే తీసి మళ్ళీ వేసుకోవచ్చు. బ్రోకర్లకి ఆధార్ ఇవ్వాల్సొస్తే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. పట్టా, దస్తావేజు, ఆధార్, పాన్ అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో 'అర్జెంట్ సేల్' అని పెట్టేవాళ్ళని చూస్తే భయమేస్తుంది, ఆ ఫైలుతో మీ పేరున దొంగ పవరాఫ్ అటార్నీ తయారుచేయడానికి ఇక ఫొటో ఒక్కటే తక్కువ.

భూలేఖ్‌లో ఊరు, ఖాతా నంబరు లేదా ప్లాటు నంబరు కొడితే పట్టా ఎవరి పేరున ఉందో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఓటీపీ గొడవ కూడా లేదు. నెలకోసారి చూడండి, పిల్లలకి చూడటం నేర్పండి. కోర్టుకో బ్యాంకుకో ఇవ్వాలంటే మాత్రం తహసీల్ నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. కొనేముందు ఈసీ ఎలాగూ తీస్తారు, కానీ ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. కోర్టు కేసులు, రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు కనపడవు. దస్తావేజు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు కూడా కొన్నిసార్లు తప్పించుకుంటుంది. దానికి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది, కొద్దిపాటి ఫీజు కట్టి ఆస్తి వివరాలతో వెతకొచ్చు. దీని సంగతి తెలిసి అడిగినవాళ్ళు నా షాపులో చాలా తక్కువ. జిల్లా కోర్టు కేసులు ఈ-కోర్ట్స్ సైట్‌లో అమ్మేవాడి పేరుతో వెతకొచ్చు, స్పెల్లింగులు రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి అంతే.

ఇక అధికారులకి మీ పత్రిక ద్వారా రెండు అడుగుతున్నాను. బ్యాంకు ఖాతాలో పది రూపాయలు కదిలితే ఫోనుకి మెసేజ్ వస్తుంది. నా భూమి ఖాతా మీద ఎవరైనా మ్యుటేషన్ దరఖాస్తు పెట్టినా, నా ప్లాటు నంబరుతో దస్తావేజు పడినా అదే గంటలో నాకూ, నేనిచ్చిన ఇంకో నంబరుకీ, అది ఆంధ్రా నంబరైనా సరే, మెసేజ్ రావాలి. కాయితం నోటీసు ఖాళీ చేసిన పాత ఇంటికి పోయి, తలుపు తాళం వేసుందని తిరిగొచ్చి ఫైల్లో కూర్చుంటే ఎవరికి ఉపయోగం?

రెండోది, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం, జయపురం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో తెలుగు చదివి చెప్పగల మనిషి ఒకరుండాలి. 1936లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాల్లో ఒడియా గడగడా మాట్లాడతారు గానీ లిపి చదవలేని పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. ఇది మామూలు కాయితమే అమ్మా, ఇక్కడ వేలు పెట్టు అని పక్కనున్న బంధువు అంటే పెట్టేస్తారు. అది అమ్మకమో, దానపత్రమో, పవరాఫ్ అటార్నీయో వాళ్ళకి ఎవరూ చెప్పరు. ముద్ర తీసుకునే ముందు ఆ బంధువుని బయట కూర్చోబెట్టి, ఇందులో ఏముందో తెలుగులో చదివి వినిపించి, అర్థమైందని ఆవిడ నోటితోనే చెప్పించి దాన్ని వీడియో తీసి ఫైల్లో పెట్టాలి. ఫొటోలు తీసే కెమెరా ఆ కౌంటర్లో ఎలాగూ ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాయగడ, ఒడిశా